దగ్గరితనాన్ని అడుగుల్లో కొలవగలమా?

"ప్రజలకు దగ్గరగా వెళ్ళాలి" అన్న మాట మన సాహిత్య సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ మాట అన్నవాళ్ళమూ మనమే, విని తలలూపినవాళ్ళమూ మనమే. అయితే దగ్గరగా వెళ్ళటమంటే ఏమిటో, వెళ్ళి ఏం చేస్తామో, అక్కడి మనుషులు మనల్ని ఏమనుకుంటారో తేల్చుకోకుండానే దాన్ని నినాదంగా వాడేస్తున్నాం. ఈ ప్రశ్నను సాహిత్యం కన్నా సూటిగా ముందుకు తెచ్చిన కళ ఒకటి ఉన్నది. అది వీధి ఛాయాచిత్రణ. ముక్కూమొహం తెలియని మనిషిని, ఆ మనిషికి చెప్పకుండా, నడివీధిలో, నాలుగైదు అడుగుల దూరం నుంచి ఫోటో తీసే కళ. రచయిత ఎంత దగ్గరగా వెళ్ళాడో కొలవటానికి కొలబద్ద లేదు. కెమేరాకు ఉన్నది. ఎన్ని అడుగుల దూరమో లెన్స్ మీదనే అంకెలు చెక్కి ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో ఆ కళ గురించి మాట్లాడుతున్నాను. చివరికి మాత్రం మన రాతల దగ్గరికే రావలసి ఉంటుంది.

వీధి ఛాయాచిత్రకారులు వేదవాక్కులా భావించే మాట ఒకటి రాబర్ట్ కాపా పేరు మీద ప్రచారంలో ఉన్నది. ఫోటో బాగా రాలేదంటే, తీసినవాడు చాలినంత దగ్గరగా వెళ్ళలేదని అర్థం చేసుకోవాలన్నది దాని సారాంశం. కాపా యుద్ధరంగంలో పనిచేసినవాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికన్ల పక్షాన నిలబడి ఫోటోలు తీశాడు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులతో పాటు సముద్రపు నీళ్ళలోకి దిగాడు. 1954 మే నెలలో ఇండోచైనాలో ఫ్రెంచి సేనల వెంట వెళ్తూ మందుపాతర మీద కాలు వేసి చనిపోయాడు. కాబట్టి అతని నోట 'దగ్గర' అన్న మాటకు ఒక ఖరీదు ఉన్నది. ఆ ఖరీదును అతనే చెల్లించాడు.

ఆ మాట యుద్ధభూమి నుంచి నగరాల కాలిబాటల మీదికి వచ్చేసరికి ఏమైంది? మాట అలాగే మిగిలింది. ఖరీదు చెల్లించే మనిషి మారిపోయాడు. న్యూయార్క్ వీధుల్లో బ్రూస్ గిల్డెన్ ఒక చేత్తో కెమేరా, ఇంకో చేత్తో ఫ్లాష్ పట్టుకుని, ఎదురుగా వచ్చే మనిషి మొహం మీదికి వంగి మెరుపు కొడతాడు. అదిరిపడిన ఆ ముఖమే అతని చిత్రం. ఇక్కడ తీసేవాడికి వచ్చే నష్టం మహా అయితే ఒక తిట్టు. తత్తరపాటు, అవమానం, తన ముఖం ఎక్కడ తేలుతుందోనన్న బెంగ, ఇవన్నీ ఎదుటి మనిషి వంతు.

అయినా దగ్గరగా వెళ్ళాలనేవాళ్ళ వాదంలో నిజం లేదనను. ముందు ఆ నిజాన్ని ఒప్పుకోవాలి. రోడ్డుకు అవతల నిలబడి పొడుగాటి టెలిఫోటో లెన్స్‌తో తీసిన బొమ్మ, మేడ మీద నుంచి ఊరేగింపును చూసేవాడి చూపు లాంటిది. అది మనిషిని అతని పరిసరాల నుంచి కోసి తీసుకుపోతుంది. 28 లేదా 35 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించుకున్నవాడికి ఆ సుఖం లేదు. మనిషి బొమ్మ నిండుగా రావాలంటే తానూ ఆ తొక్కిసలాటలోకి దిగాలి. పక్కవాడి భుజం, దుకాణం బోర్డు, గోడ మీద పోస్టరు, అన్నీ బొమ్మలోకి వస్తాయి. అంటే మనిషి తన సామాజిక పరిసరాలతో సహా వస్తాడు. దీనికో పని పద్ధతి కూడా ఉన్నది. 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర ఉంచి, దూరాన్ని ముందే రెండు మీటర్లకు బిగిస్తే, సుమారు నాలుగడుగుల నుంచి పద్నాలుగు అడుగుల దాకా ఉన్నదంతా స్పష్టంగా పడుతుంది. ఇక కెమేరాను కంటి దాకా ఎత్తనక్కర లేదు. ఛాతీ దగ్గర పెట్టుకుని నడుస్తూనే మీట నొక్కవచ్చు. దగ్గరితనాన్ని, దాపరికాన్ని ఒకే పద్ధతి కలిపి ఇస్తున్నది. నా అభ్యంతరం దగ్గరితనంతో కాదు, ఈ కలయికతో.

ఈ కలయిక కొత్తది కూడా కాదు. 1916లో పాల్ స్ట్రాండ్ న్యూయార్క్ వీధుల్లో పేదల ముఖాలను దగ్గరగా తియ్యటానికి కెమేరా పక్క భాగాన ఒక ఉత్తుత్తి లెన్స్ బిగించాడు. జనం అది ఇంకెటో చూస్తున్నదనుకుంటే, అసలు లెన్స్ వాళ్ళనే చూస్తూ ఉండేది. ఆ వరుసలో వచ్చినదే ప్రసిద్ధమైన అంధ స్త్రీ చిత్రం. వెనక రాతి గోడ. ఆమె మెడలో గుడ్డిదానినని తెలిపే పలక. దాని పైన, వీధిలో సరుకు అమ్ముకోవటానికి నగరపాలకులిచ్చిన బిళ్ళ, బిళ్ళ మీద అంకె. 1917లో 'కెమేరా వర్క్' ఆఖరి సంచికలో ఈ చిత్రం అచ్చయింది. ఛాయాచిత్ర కళ చరిత్రలో ఇదొక మలుపు అనటంలో అతిశయోక్తి లేదు. అంతకు ముందు నిండు ముఖచిత్రమంటే ఎక్కువగా స్టూడియోకు వెళ్ళి డబ్బిచ్చి తీయించుకోగలిగినవాళ్ళదే. ఆ గౌరవం వీధిలో అమ్ముకునే మనిషి ముఖానికి దక్కటం ముందడుగే.

కాని ఆ ముందడుగులోని లోటు కూడా ఆ బొమ్మలోనే ఉన్నది. డబ్బున్నవాడు తన ముఖాన్ని తీయించుకుంటాడు. ఏ కోటు వేసుకోవాలో, ఎటు తిరగాలో, ఏ ప్రతిని ఉంచి ఏది చింపాలో నిర్ణయించుకుంటాడు. పేదదాని ముఖాన్ని తీసుకుంటారు. 'తీయించుకోవటం', 'తీసుకోవటం' అన్న ఈ రెండు క్రియల మధ్య తేడా వ్యాకరణానికి సంబంధించినది కాదు, వర్గానికి సంబంధించినది. ఆ స్త్రీ తనను లోకం ముందు ఎలా పరిచయం చేసుకోవాలో అంతకు ముందే ఇద్దరు నిర్ణయించేశారు: పలక వేయించిన ఆకలి, అంకె వేసిన నగరపాలక సంస్థ. మూడోవాడుగా కళాకారుడు వచ్చాడు. ఆమె పేరు మనకు చెప్పనివాళ్ళలో అతనూ చేరాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత వాకర్ ఎవాన్స్ ఈ దాపరికాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో, ఎదురు బల్ల మీద కూర్చున్న ప్రయాణికులను కోటు లోపల దాచిన చిన్న కెమేరాతో తీశాడు. లెన్స్ గుండీల మధ్య నుంచి తొంగిచూసేది. మీట తీగ కోటు చేతిలోంచి అరచేతిలోకి వచ్చేది. ఆ ముఖాలు మరిచిపోలేనివి. ఇంటా బయటా వేసుకున్న ముసుగులు జారిపోయి, అలసటలో తమలోకి తాము కుంగిన ముఖాలు. ఎవాన్స్ వాటిని చాలా ఏళ్ళు పుస్తకంగా తేలేదు. 1966లో గాని ఆ సంపుటి వెలువడలేదు. తనను తాను పశ్చాత్తాపపడే గూఢచారితో పోల్చుకున్నాడు కూడా. పాతికేళ్ళ ఆ ఆలస్యాన్ని నేను గౌరవిస్తాను. తాను తీసుకున్నది తనది కాదేమోనన్న సంకోచం అందులో కనిపిస్తుంది. కాని సంకోచం కళాకారుడి మనసులో జరిగే వ్యవహారం. బల్ల మీది ప్రయాణికుడికి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

దాపరికం ఒక్కటే దోషమైతే, దాపరికం లేని చోట దగ్గరితనం పూర్తి కావాలి కదా? అలా జరగదని డొరోతియా లాంగ్ చిత్రం చెబుతుంది. 1936లో కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర, బఠాణీ చేల కూలీల గుడారాల్లో ఒక తల్లిని, పిల్లలను ఆమె ఫోటోలు తీసింది. కెమేరాను దాచలేదు. దూరం నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫోటోకు దగ్గరవుతూ వచ్చింది. ఆఖరుదే లోకమంతా ఎరిగిన చిత్రం. అడుగుల లెక్కన ఇంతకన్నా దగ్గరితనం ఉండదు. కాని ఆమె పేరు తాను అడగలేదని లాంగే తర్వాత రాసింది. ఆ పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియటానికి 1978 దాకా పట్టింది. ఆ బొమ్మ తీయనివ్వకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు చిల్లిగవ్వ రాలేదని ఆమె అప్పుడు బాధపడింది. లాంగ్ ప్రభుత్వ ఉద్యోగి గనుక ఆ చిత్రం ప్రభుత్వ ఆస్తి. దాని మీద లాంగ్‌కూ రాయల్టీ లేదు. చిత్రం అచ్చయ్యాక ఆ గుడారాలకు తిండి సరుకులు పంపారు. అవి చేరేసరికి ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ చిత్రం చేసిన మేలును నేను కాదనటం లేదు. మేలు అందరికీ చెందినా, ముఖం ఒక్కరిదే. ఆ ఒక్కరితో సంబంధం అక్కడే తెగిపోయింది.

ఇక మార్కెట్ సంగతి. ఫిలిప్ లోర్కా డికోర్సియా 1999 - 2001 మధ్య న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర పైన దీపాలు అమర్చి, కొంత దూరంలో కెమేరా పెట్టి, దారిన పోయేవాళ్ళ ముఖాలను తెలియకుండా తీశాడు. చీకటి మధ్య వెలిగే ఆ ముఖాలు, చూసేవాడికి అరచేతిలో ఉన్నంత దగ్గర. ఒక్కో ప్రతి ఇరవై, ముప్పై వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ముఖాల్లో ఒకటి ఒక సనాతన యూదు వృద్ధుడిది. బొమ్మలు చెయ్యటం తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఆయన కోర్టుకు వెళ్ళాడు. 2006లో న్యూయార్క్ కోర్టు ఆ దావాను కొట్టివేసింది. అది వ్యాపారం కాదు, కళ అన్నది తీర్పులో ఒక ముఖ్యాంశం. తీర్పుతో నాకు పెద్ద తగాదా లేదు. వీధిలో ఫోటో తీసే హక్కును రద్దు చేస్తే మొదట లాభపడేది లాఠీ పట్టుకున్నవాడే. కాని చట్టం ఒప్పుకున్నంత మాత్రాన విమర్శకుడి పని అయిపోదు. ఎవరి ముఖం, ఎవరి సంతకం, ఎవరి సొమ్ము అన్న ప్రశ్న తీర్పు తర్వాతా మిగిలే ఉంటుంది.

ఇక్కడ వీధి ఛాయాచిత్రకారుల గట్టి వాదం ఒకటి ఎదురవుతుంది. "అడిగితే మనిషి సర్దుకుని నిలబడతాడు. సర్దుకున్న ముఖం అబద్ధం. అడగకపోవటమే నిజానికి దారి" అంటారు. తేలిగ్గా తోసెయ్యదగిన వాదం కాదిది. కాని దీనికి జవాబు నేను చెప్పటం కన్నా స్ట్రాండ్ చేత చెప్పించటం మేలు. ఉత్తుత్తి లెన్స్ బిగించిన ఆ స్ట్రాండే వామపక్ష భావాల వైపు నడిచాడు. అభ్యుదయ ఛాయాచిత్రకారుల సంస్థ 'ఫోటో లీగ్'కు అండగా నిలిచాడు. 1947 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ సంస్థను నిషిద్ధ జాబితాకు ఎక్కించింది. స్ట్రాండ్ దేశం విడిచి ఫ్రాన్స్ చేరాడు. 1953లో ఇటలీలోని లుజ్జారా అనే ఊరికి వెళ్ళాడు. అది 'బైసికిల్ థీవ్స్' సినిమా రచయితల్లో ఒకడైన చెజారే జవత్తినీ స్వగ్రామం. జవత్తినీ ఊరివాళ్ళ మాటలను రాసుకున్నాడు, స్ట్రాండ్ వాళ్ళ ముఖాలను తీశాడు. 1955లో అది పుస్తకమయింది.

అందులో ఒక కుటుంబం చిత్రం ఉన్నది. ఇంటి గుమ్మంలో తల్లి. ఆమె చుట్టూ ఎదిగిన కొడుకులు, కొందరు నిలబడి, కొందరు కూర్చుని. వాళ్ళకు కెమేరా ఉన్నదని తెలుసు. ఒక్కడూ నవ్వటం లేదు. ఒక్కొక్కరు ఒక్కో వైపు చూస్తున్నారు. ఇది సర్దుకున్న ముఖమే. అయితే అబద్ధమా? తన ఇంటి ముందు, తన వాళ్ళ మధ్య, లోకం ముందు ఎలా నిలబడాలో మనిషి తీసుకున్న నిర్ణయం ఆ మనిషి గురించిన నిజాల్లో ఒకటి కాదా? ఏమరుపాటులో దొరికిన ముఖమే నిజమనటం వెనక ఒక తప్పుడు తత్త్వం ఉన్నది. మనిషి స్పృహలో లేనప్పుడే నిజంగా ఉంటాడని అది నమ్ముతుంది. చైతన్యం మీద నమ్మకం ఉన్న మనం దాన్ని ఎలా ఒప్పుకుంటాం?

అయితే అడిగి తీసిందల్లా మంచిదని, అడగకుండా తీసిందల్లా చెడ్డదని సూత్రం చెయ్యబోవటం లేదు. ఊరేగింపు మీద లాఠీ లేచినప్పుడు, లాఠీ పట్టుకున్నవాడి అనుమతి అడుగుతామా? అనుమతి అనేది అధికారం లేనివాళ్ళకు మనం పడిన బాకీ, అధికారానికి కాదు. ఈ బాకీ ఇవాళ ఇంకా బరువెక్కింది. ముఖాన్ని బట్టి మనిషిని పోల్చే యంత్రాలు వచ్చాక, గుంపులో తీసిన ఒక్క ముఖం ఒక మనిషి చిరునామా కాగలదు. ఈ ముఖ గుర్తింపు పద్ధతిని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021లో హైదరాబాద్ వీధిలో పోలీసులు ఆపి ఫోటో తీసిన ఒక సామాజిక కార్యకర్త దాన్ని వేశాడు. సానుభూతితో మనం తీసిన బొమ్మ కూడా ఆ యంత్రానికి మేత కావచ్చునన్న ఎరుక లేకుండా నిరసనకారుల మధ్య కెమేరా ఎత్తటం అమాయకత్వం కాదు, బాధ్యతారాహిత్యం.

ఇంతవరకు ఇతరుల గురించి చెప్పాను. నా సంగతి చెప్పకపోతే ఈ విమర్శకు నిజాయితీ ఉండదు. కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక కూలీల అడ్డా దగ్గర, పొద్దున్నే, ఆరడుగుల దూరం నుంచి ఒక నడివయసు స్త్రీని ఫోటో తీశాను. కెమేరా ఛాతీ దగ్గరే ఉన్నది. ఆమె తల కాస్త ఎత్తి, నా భుజం మీదుగా దూరానికి చూస్తున్నది. బొమ్మ బాగా వచ్చింది. దానికి 'నిరీక్షణ' అని పేరు పెట్టాను. ఒక ప్రత్యేక సంచికకు ముఖచిత్రంగా ఇచ్చాను. మిత్రులు మెచ్చుకున్నారు. శ్రమజీవి సహనమంతా ఆ కళ్ళలో ఉన్నదని ఒకరు ఉత్తరం కూడా రాశారు.

నాలుగు నెలల తర్వాత ఒక ప్రతి తీసుకుని అడ్డాకు వెళ్ళాను. మూడు రోజులు తిరిగితే ఆమె కనిపించింది. సంచిక చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "ఈడ ఏమని రాసిన్రు సారూ?" అన్నది. చెప్పాను. "అంటే?" అన్నది. పని కోసం ఎదురుచూడటం అమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు.

"నేనేడ ఎదురుజూస్తున్న? మేస్త్రి వారం దినాల కూలి ఎగవెట్టి పోయిండు. ఆడు ఇటు దిక్కు వస్తడంటే దొరకవడదామని నిలవడ్డ. గప్పుడు దించినవా నువ్వు?"

నేనేమీ అనలేకపోయాను. ఆమె సంచికను పక్కనున్న అమ్మాయికి ఇచ్చి, "అడిగితే చెప్తుంటి గద" అన్నది.

ఆ ఒక్క మాట ముందు నా ఆరడుగుల దగ్గరితనం ఎందుకూ కొరగాలేదు. నేను ఆమె కోపాన్ని ఓర్పుగా అచ్చు వేశాను. కూలి ఎగ్గొట్టినవాడి కోసం వెతికే చూపును, కూలి దొరకాలని బతిమాలే చూపుగా మార్చాను. ఇది సాంకేతిక లోపం కాదు. లెన్స్ తన పని తాను చేసింది. ఆమె కళ్ళలో ఉన్నదంతా ఫిల్ములో ఉన్నది. దాన్ని చదివింది నా మధ్యతరగతి అలవాటు. పేదవాళ్ళు ఎదురుచూస్తారని, ఓర్చుకుంటారని మన తలల్లో ముందే ఒక చిత్రం ఉన్నది. నేను అడ్డాకు వెళ్ళింది ఆ చిత్రానికి రుజువు తెచ్చుకోవటానికి.

ఇప్పుడు మన రాతల సంగతి. ఉత్తుత్తి లెన్స్ కథల్లో లేదా? ఊరు వెళ్తాం, టీ కొట్టు దగ్గర కూర్చుంటాం, చెవులు మాత్రం పక్క బల్ల మీద పెడతాం. ఒకరి యాస, ఒకరి దుఃఖం, ఒకరి తిట్టు సంచిలో వేసుకుని వస్తాం. ఆ తర్వాత సర్వసాక్షి కథకుడిగా వాళ్ళ మనసుల్లోకి దూరి, వాళ్ళేం అనుకుంటున్నారో రాసేస్తాం. ఆ పాత్ర ఒక్కసారైనా మనల్ని తిరిగి చూస్తుందా? "నేనేడ ఎదురుజూస్తున్న?" అని మనల్ని ఖండించగలదా? కల్పించిన పాత్ర దగ్గర అనుమతి తీసుకోవాలని నేననటం లేదు. రచయిత ముందే వేసుకున్న అంచనాను కాదనగలిగే శక్తి పాత్రకు ఉండాలంటున్నాను. ఆ శక్తి లేని పాత్ర ఎంత సహజమైన యాసలో మాట్లాడినా కోటు గుండీల మధ్య నుంచి తీసిన బొమ్మే.

తెలియని మనిషిని వీధిలో చూసి రాయటం తప్పనుకుంటే శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి'ని కూడా పక్కన పెట్టవలసి వస్తుంది. అదీ దారి పక్క కనిపించిన ముసలి బిచ్చగత్తె గురించిన కవితే. ఆమె పేరు అందులోనూ లేదు. కాని స్ట్రాండ్ తీసిన అంధ స్త్రీ చిత్రానికి, ఈ కవితకు ఒక తేడా ఉన్నది. చిత్రంలో చూపు వెళ్ళి ఆమె మీదనే ఆగుతుంది. కవితలో ఆమె మీద నుంచి తిరిగి మన మీదికి వస్తుంది. ఆమె చనిపోతే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్న దారిన పోయే మనకు తగులుతుంది. ఆమె మాట్లాడకపోయినా, మనం జవాబు చెప్పవలసిన స్థితిలో పడతాం. చూసేవాడు భద్రంగా మిగలకపోవటం కూడా ఒక దగ్గరితనమే.

కాబట్టి దగ్గరితనాన్ని అడుగుల్లో కొలవలేం. మూడు ప్రశ్నలతో కొలవగలం. ఎదుటి మనిషికి మనల్ని తిరిగి చూసే వీలున్నదా? ఈ పనిలో నష్టం వస్తే ఎవరికి వస్తుంది? తయారైన బొమ్మ, అచ్చయిన కథ, ఎవరి ముఖంతో తయారైందో వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళిందా? మూడింటికీ మంచి జవాబు దొరికే సందర్భాలు తక్కువే. కాని మొదటి రెండూ వేసుకోకుండా కలమైనా, కెమేరా అయినా ఎత్తకూడదు. మూడోదాన్ని పని అయ్యాక మరిచిపోకూడదు.

ఆ ఫోటో పేరు మార్చాను. ఇప్పుడు దాని కింద 'కూలి ఎగ్గొట్టిన మేస్త్రి కోసం' అని ఉంటుంది. అచ్చయిన సంచికల్లో మాత్రం 'నిరీక్షణ' అనే ఉన్నది. దాన్ని వెనక్కు తీసుకునే దారి నాకు లేదు. ఈ వ్యాసం రాయటం తప్ప.